మాక్షికం, అన్నభేది, జాజు: బంగారు గనుల వ్యర్థాల దిబ్బల్లో ఇనుప ఖనిజాల శైథిల్యం – కుప్పం, కోలారు ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం:

భూగర్భంలో కోట్ల ఏళ్లు మార్పు లేకుండా ఉన్న ఇనుప సల్ఫైడ్ ఖనిజాలు, గని నుండి బయటికి వచ్చి మిల్లులో పొడి అయిన కొద్దికాలానికే గాలితో, నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని, కరిగే లవణాలను, చివరకు తుప్పును ఏర్పరుస్తాయి. ఈ మార్పు ఏయే దశల్లో జరుగుతుందో, దాని వేగాన్ని ఏవి నిర్ణయిస్తాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. కోలారు బంగారు గనుల దిబ్బలు, వాటికి దక్షిణంగా కుప్పం ప్రాంతంలో ఉన్న చిగురుగుంట, బిసానత్తం గనులు ఇందుకు నేపథ్యం. ఈ మార్పులోని ముఖ్య దశలకు తెలుగులో పూర్వం నుండి ఉన్న పేర్లను కూడా వ్యాసం గుర్తిస్తుంది. జనవ్యవహారంలో 'సైనైడ్ దిబ్బలు'గా పిలిచే వీటిలో, బయటి నుండి కలిపిన రసాయనం కంటే రాయిలోనే ఉన్న ఇనుము, గంధకాల ప్రభావం ఎక్కువ కాలం నిలుస్తుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శిలాశైథిల్యం, ఆక్సీకరణం, పైరైట్, అన్నభేది, ఆమ్ల స్రావం, కోలారు బంగారు గనులు, చిగురుగుంట, కుప్పం.

1. ఉపోద్ఘాతం:

ఇనుము తుప్పు పట్టడం అందరికీ తెలిసిన విషయమే. నాగలికర్రు, గొలుసు, బావిగిలక వంటి వస్తువుల విషయంలో తుప్పు అంటే నష్టం మాత్రమే. రాతిలోని ఇనుము తుప్పు పట్టినప్పుడు మాత్రం ఫలితం ఒకే విధంగా ఉండదు. ఒకచోట అది పంట పండించే ఎర్రనేల అవుతుంది. మరొకచోట అదే ఇనుము నీటిని పుల్లబరచి, లోహాలను కరిగించి, బావులకు చేర్చే శక్తి అవుతుంది. ఈ తేడాకు కారణం ఇనుము ఏ మూలకంతో కలిసి ఉన్నదనేది, అది ఎంత వేగంగా గాలికి బయటపడిందనేది.

ఈ రెండు స్థితులూ ఒకే ప్రాంతంలో పక్కపక్కనే కనిపించడం మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం ప్రత్యేకత. ఉత్తరాన హార్స్‌లీ హిల్స్ పాదాల వద్ద సహజంగా ఏర్పడిన ఎర్రనేలలు ఉన్నాయి. దక్షిణాన కుప్పం ప్రాంతంలో కోలారు బంగారు శిలాపట్టీ ఉంది. ఆ పట్టీలోని గనుల నుండి వచ్చిన వ్యర్థాలు పొరుగున ఉన్న కె.జి.ఎఫ్.లో కొండలవలె నిలిచి ఉన్నాయి. మూతపడిన గనులను తిరిగి తెరవాలన్న ప్రయత్నాలు, పాత దిబ్బలను మళ్లీ శుద్ధి చేయాలన్న ప్రతిపాదనలు సాగుతున్న ఈ కాలంలో, ఆ వ్యర్థాల లోపల ఏమి జరుగుతుందో తెలుగులో వివరంగా తెలుసుకోవడం అవసరం.

2. కొండల ఎరుపు – సహజ శైథిల్యం:

స్థానికులు పూర్వం ఏనుగు మల్లమ్మ కొండగా పిలిచిన హార్స్‌లీ హిల్స్ సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ కొండలు, వాటి చుట్టూ ఉన్న భూభాగం ప్రధానంగా గ్రానైట్, నైస్ శిలలతో ఏర్పడ్డాయి. ఈ శిలల్లో తెల్లని స్ఫటికశిల, ఫెల్డ్‌స్పార్‌లతోపాటు నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ అనే ముదురు రంగు ఖనిజాలు ఉంటాయి. ఇనుము ప్రధానంగా ఈ ముదురు ఖనిజాల్లో, సిలికా అణువుల కట్టడిలో బందీగా ఉంటుంది.

వాన నీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్ల గుణం పొందుతుంది. ఆ నీరు వేల, లక్షల ఏళ్లపాటు రాతిని తాకుతూ ఉంటే ఈ ఖనిజాలు మెల్లగా విడిపోతాయి. వాటి నుండి వెలువడిన ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలిసి గోథైట్, హెమటైట్ అనే ఖనిజాలుగా మారి మట్టిరేణువులకు పూతవలె అంటుకుంటుంది. రాయలసీమ ఎర్రనేలల రంగుకు మూలం ఇదే. పండుగలకు గోడల అంచులకు, అరుగులకు పూసే జాజుకు రంగునిచ్చేది కూడా హెమటైటే.

ఈ మార్పులో చెప్పుకోదగిన అంశం ఒకటి ఉంది. ఇక్కడ ఇనుముతో గంధకం లేదు. కనుక తుప్పు ఏర్పడినా బలమైన ఆమ్లం పుట్టదు. కుప్పం ప్రాంతంలో తవ్వే గ్రానైటు క్వారీల వద్ద పేరుకున్న రాతిముక్కలు స్థలాన్ని ఆక్రమిస్తాయి, దుమ్ము లేపుతాయి. అయితే వాటి నుండి పుల్లని నీరు సాధారణంగా కారదు. బంగారు గనుల వ్యర్థాల విషయంలో ఈ భరోసా లేదు.

3. కోలారు శిలాపట్టీ – కుప్పం గనులు:

కోలారు శిలాపట్టీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున, కొద్ది కిలోమీటర్ల వెడల్పున మాత్రమే సాగే సన్నని పట్టీ. దీని వయస్సు దాదాపు 270 కోట్ల సంవత్సరాలు. కర్ణాటకలోని కోలారు జిల్లాలో ప్రధాన భాగం ఉండగా, దక్షిణ భాగం కుప్పం ప్రాంతంలోకి, అక్కడి నుండి తమిళనాడు వైపు విస్తరిస్తుంది. హార్న్‌బ్లెండ్ అధికంగా ఉన్న ముదురు పచ్చని శిలలు ఇందులో ప్రధానం. వాటిని చీల్చుకొని వెళ్లే స్ఫటికశిల సిరల్లో, సల్ఫైడ్ ఖనిజాలు పేరుకున్న పొరల్లో బంగారం దొరికింది.

కోలారులో 1880 నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఆధునిక పద్ధతిలో తవ్వకాలు చేపట్టింది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్లి ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటిగా పేరు పొందింది. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ పరమైన ఈ గనులను 1972లో ఏర్పడిన భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ నడిపింది. 2001 ఫిబ్రవరి 28న అవి మూతపడ్డాయి. అప్పటికి దాదాపు 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం వెలికివచ్చింది. దానికోసం పొడి చేసిన రాయిలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల వ్యర్థం 13 దిబ్బలుగా మిగిలింది.

ఇదే పట్టీ దక్షిణ భాగంలో గుడుపల్లె మండల పరిధిలోని చిగురుగుంట, బిసానత్తం గనులు ఉన్నాయి. ఇవి కూడా భారత్ గోల్డ్ మైన్స్ ఆధ్వర్యంలో నడిచి, మాతృసంస్థతోపాటే మూతపడ్డాయి. 2018లో జరిగిన వేలంలో ఈ బ్లాకుకు ఎన్‌.ఎం.డి.సి. ఎంపికైంది. మరోవైపు 2024 జూన్‌లో కోలారు దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంటే పాత పొడిని కదిలించడం, కొత్త పొడిని తయారుచేయడం అనే రెండు అవకాశాలూ ఈ పట్టీ ముందు ఉన్నాయి.

4. రాయి పొడి కావడంలోని పరిణామం:

బంగారంతోపాటు ఈ శిలల్లో పైరైట్, పిర్రోటైట్, ఆర్సెనోపైరైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఖనిజాలు ఉంటాయి. పైరైట్‌లో ఒక ఇనుప పరమాణువుకు రెండు గంధక పరమాణువులు ఉంటాయి. పిర్రోటైట్‌లో గంధకం అంతకంటే తక్కువ. ఆర్సెనోపైరైట్‌లో ఇనుము, గంధకంతోపాటు ఆర్సెనిక్ కూడా ఉంటుంది. కోలారులో ఛాంపియన్ సిర వంటి తూర్పు సిరలు ప్రధానంగా స్ఫటికశిలతో కూడినవి. పశ్చిమాన ఉన్న సిరల్లో సల్ఫైడుల పాలు ఎక్కువ. కనుక ఏ సిర నుండి వచ్చిన రాయి అనేదాన్ని బట్టి వ్యర్థపు స్వభావం మారుతుంది.

భూమి లోపల ఈ ఖనిజాలకు గాలి అందదు. బంగారాన్ని వేరుచేయడానికి రాతిని పిండిగా నూరినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. ఒక సెంటీమీటరు భుజం గల ఘనాకార రాతిముక్కకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దానినే 0.1 మిల్లీమీటరు భుజం గల ఘనాలుగా కోస్తే పది లక్షల ముక్కలవుతాయి, మొత్తం ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లకు పెరుగుతుంది. రాయి బరువు మారలేదు, గాలికి తగిలే తావు మాత్రం నూరు రెట్లయింది. మిల్లులో రాయి సాధారణంగా ఇంతకంటే సన్నగా నలుగుతుంది. ప్రకృతి యుగాల పాటు చేసే పనిని మిల్లు గంటల్లో పూర్తిచేస్తుంది. శైథిల్యంలో మిగిలేది రసాయనిక భాగం మాత్రమే.

5. ఆక్సీకరణ దశలు:

5.1 మాక్షికం:

పైరైట్ లేత పసుపు మెరుపుతో బంగారమనే భ్రమ కలిగిస్తుంది. సంస్కృత రసశాస్త్ర గ్రంథాలు ఇటువంటి మెరిసే ఖనిజాలను మాక్షికమని పేర్కొన్నాయి. మాక్షికమంటే తేనె అనే అర్థమూ ఉంది. తేనెరంగు మెరుపు ఈ పేరుకు ఆధారమై ఉండవచ్చు. స్వర్ణమాక్షికం రాగి కూడా కలిసిన సల్ఫైడ్ ఖనిజమని పలువురు పండితులు గుర్తించారు. కనుక మాక్షికాన్ని పైరైట్‌కు కచ్చితమైన పర్యాయంగా కాక, ఇనుప సల్ఫైడుల వర్గానికి చెందిన పేరుగా గ్రహించడం సమంజసం.

తడి ఉన్న పైరైట్ రేణువును గాలిలోని ఆమ్లజని తాకినప్పుడు మొదట గంధకం ఆక్సీకరణం చెంది సల్ఫేటుగా మారుతుంది. ఇనుము ఫెర్రస్ రూపంలో, అంటే రెండు విద్యుదావేశాలు గల అయానుగా నీటిలో కరుగుతుంది. వీటితోపాటు ఆమ్లం పుడుతుంది. ఇది మొదటి దశ.

5.2 అన్నభేది:

ఈ దశలో ఏర్పడిన ద్రావణం ఎండలో ఇగిరితే లేత ఆకుపచ్చని స్ఫటికాలు ఏర్పడతాయి. ఖనిజశాస్త్రంలో దీని పేరు మెలాంటరైట్. రసాయనికంగా ఇది నీటి అణువులతో కూడిన ఫెర్రస్ సల్ఫేట్. తెలుగు నిఘంటువులు దీనినే అన్నభేది అంటాయి. మూలికల అంగళ్లలో దొరికే వస్తువుగా, సిరాల తయారీలో వాడిన పదార్థంగా ఇది పాతతరానికి పరిచితమే.

అన్నభేది దశకు ఉన్న ప్రత్యేకత కరగడం. ఇనుము తరలి వెళ్లగలిగేది ప్రధానంగా ఈ రూపంలోనే. ఇందుకు పోలిక శ్రీకాళహస్తి కలంకారీలో కనిపిస్తుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీరు కలిపి పులియబెట్టిన ద్రావణాన్ని కరక్కాయతో శుద్ధి చేసిన వస్త్రంపై కలంతో గీసినప్పుడు, కరిగి ఉన్న ఇనుము కరక్కాయలోని టానిన్‌తో కలిసి గాలికి నల్లబడి వస్త్రంలోనే స్థిరపడుతుంది. కరిగినంతవరకు కదులుతుంది, గాలి తగిలితే నిలిచిపోతుంది అనే ఇనుప స్వభావం మీదనే ఆ కళ ఆధారపడింది. దిబ్బ నుండి కారే నీటిలోనూ ఇదే స్వభావం పనిచేస్తుంది. దిబ్బ అడుగున నిర్మలంగా కనిపించే నీరు కాలువలోకి వచ్చిన కొంత దూరానికి నారింజ రంగు బురదను వదలడానికి ఇదే కారణం.

5.3 ఫెర్రిక్ ఇనుము – చక్రం మొదలు:

కరిగిన ఫెర్రస్ ఇనుము ఆమ్లజనితో కలిసి మూడు విద్యుదావేశాలు గల ఫెర్రిక్ రూపాన్ని పొందుతుంది. సాధారణ నీటిలో ఇది వేగంగా జరుగుతుంది. కానీ నీరు పుల్లబడేకొద్దీ ఈ చర్య మందగిస్తుంది. పి.హెచ్. విలువ 4 కంటే తగ్గినప్పుడు, జీవుల తోడ్పాటు లేకపోతే, ఉన్న ఫెర్రస్ ఇనుములో సగం మారడానికే వెయ్యి రోజుల స్థాయి కాలం పట్టవచ్చు. ఈ లెక్క ప్రకారం ఆమ్లం ఏర్పడగానే ప్రక్రియ తనంతట తాను ఆగిపోవాలి. ఆచరణలో అలా జరగదు.

కారణం ఒక సూక్ష్మజీవి. అమెరికాలోని బొగ్గుగనుల పుల్లని నీటిలో 1947లో కోల్మర్, హింకిల్ అనే శాస్త్రవేత్తలు ఇనుమును ఆక్సీకరించే బాక్టీరియాను గుర్తించారు. నేడు దానిని ఆసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అంటారు. ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చడం ద్వారా వచ్చే శక్తితోనే అది జీవిస్తుంది. పుల్లదనమే దానికి అనుకూలం. సింగర్, స్టమ్ 1970లో ప్రచురించిన పరిశోధన, మొత్తం ప్రక్రియ వేగాన్ని నిర్ణయించే మెట్టు ఇదేనని, సూక్ష్మజీవులు దీనిని పది లక్షల రెట్ల వరకు వేగవంతం చేయగలవని చూపింది.

ఇలా పుట్టిన ఫెర్రిక్ ఇనుము మళ్లీ పైరైట్‌పైనే దాడి చేస్తుంది. ఆమ్లజని కంటే వేగంగా దానిని కరిగిస్తుంది. ఆ చర్యలో తాను ఫెర్రస్‌గా మారుతుంది, బాక్టీరియా దానిని తిరిగి ఫెర్రిక్‌గా చేస్తుంది. ఈ విధంగా ఇనుము చర్యకు లోనయ్యే పదార్థం మాత్రమే కాక చర్యను నడిపే సాధనం కూడా అవుతుంది. గని వ్యర్థాల శైథిల్యాన్ని ఇతర శైథిల్యాల నుండి వేరుచేసేది ఈ చక్రమే.

5.4 జాజు:

ఆమ్లం పలచబడిన చోట, లేదా సున్నపుగుణం గల రాయి తగిలిన చోట, ఫెర్రిక్ ఇనుము నీటితో కలిసి తుప్పుగా అడుగుకు దిగుతుంది. ఈ దిగే చర్యలో మరికొంత ఆమ్లం విడుదలవుతుంది. మొదట ఏర్పడే తుప్పు అస్థిరమైనది. కాలక్రమంలో అది గోథైట్‌గా, పొడి వాతావరణంలో కొంత మేరకు హెమటైట్‌గా స్థిరపడుతుంది. హార్స్‌లీ హిల్స్ పాదాల ఎర్రమట్టిలో ఉన్నవీ ఈ ఖనిజాలే. గమ్యం ఒక్కటే అయినా మార్గం వేరు. ఒక దారిలో ఆమ్లం పుట్టలేదు, రెండవ దారిలో ప్రతి మలుపులోనూ పుట్టింది.

6. ఎండ, వాన, దిబ్బ:

పైరైట్‌కు ఆమ్లజని, నీరు రెండూ కావాలి. నీటిలో మునిగి ఉన్న వ్యర్థంలో ఆక్సీకరణం చాలా నెమ్మదిగా సాగుతుంది. నీటి ద్వారా ఆమ్లజని వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. పూర్తిగా ఎండిన వ్యర్థంలోనూ చర్య మందగిస్తుంది. తడి పూర్తిగా ఆరకుండా, గాలి పూర్తిగా మూసుకుపోకుండా ఉన్న మధ్యస్థితే అత్యంత ప్రమాదకరం.

కుప్పం, కోలారు ప్రాంతాల వాతావరణం ఈ మధ్యస్థితికి అనువైనది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వాన ఇస్తాయి. మధ్యలో సుదీర్ఘమైన ఎండ ఉంటుంది. వానకు దిబ్బ తడుస్తుంది. ఎండకు లోపలి తేమ పైకి ఎగబాకి ఇగిరి, అన్నభేది, జిప్సం వంటి లవణాలను ఉపరితలం మీద వదులుతుంది. చౌడునేల మీద తెల్లగా పొంగిన పొక్కును పోలిన పూత ఇలా ఏర్పడుతుంది. ఆ లవణాల్లో ఆమ్లం, లోహాలు నిల్వ ఉంటాయి. తొలకరి జల్లు వాటిని ఒక్కసారిగా కడిగి పల్లానికి చేరుస్తుంది. అందుచేత ఎండాకాలంలో తీసిన నీటి నమూనా దిబ్బ స్వభావాన్ని పూర్తిగా చెప్పలేదు. తొలివాన నీటిని పరీక్షించడం తప్పనిసరి. ఎండిన పైపొర గాలికి లేచినప్పుడు ఇవే లవణాలు దుమ్ముతో కలిసి ఇళ్లమీద, పొలాలమీద పడతాయి.

7. ఆమ్లం, సున్నం – ఒక లెక్క:

సల్ఫైడ్ ఉన్న ప్రతి దిబ్బా పుల్లబడదు. రాతిలో కాల్సైట్ వంటి సున్నపు ఖనిజాలు తగినంత ఉంటే అవి పుట్టిన ఆమ్లాన్ని అక్కడికక్కడే హరిస్తాయి. ఈ తూకాన్ని లెక్కించవచ్చు. ఒక టన్ను పైరైట్ పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 1.63 టన్నుల గంధకికామ్లం పుడుతుంది. దానిని తటస్థం చేయడానికి సుమారు 1.67 టన్నుల కాల్సైట్ కావాలి. దీనినే మరో విధంగా చెబితే, టన్ను వ్యర్థంలో ఒక శాతం సల్ఫైడ్ గంధకం ఉంటే 31.25 కిలోల కాల్సైట్ అవసరం.

ఉదాహరణకు ఒక వ్యర్థంలో ఒక శాతం గంధకం, టన్నుకు 20 కిలోల కాల్సైట్ ఉన్నాయనుకుంటే అది చివరకు పుల్లబడుతుంది. టన్నుకు 100 కిలోల కాల్సైట్ ఉంటే అవసరానికి మూడు రెట్లకు పైగా రక్షణ ఉన్నట్లు. ఈ రెంటికీ మధ్య ఉన్నవి సందేహాస్పదమైనవి. వాటిని నెలల తరబడి తడుపుతూ, గాలి పెడుతూ పరీక్షించి చూడాలి.

ఈ లెక్కకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది వేగం. పిర్రోటైట్ పైరైట్ కంటే ఇరవై నుండి నూరు రెట్లు వేగంగా ఆక్సీకరణం చెందుతుందని ప్రయోగాలు చూపాయి. ఆమ్లం వేగంగా పుట్టి సున్నం నెమ్మదిగా కరిగితే తూకం కాగితం మీద సరిపోయినా నేలమీద సరిపోదు. రెండవది పూత. ఏర్పడిన తుప్పు కాల్సైట్ రేణువుల చుట్టూ పొరలా అంటుకొని వాటిని పనిచేయకుండా ఆపగలదు. దిబ్బ అనేక ఏళ్లు తటస్థంగా ఉండి, సున్నం అయిపోయిన తరువాత హఠాత్తుగా పుల్లబడే అవకాశం కూడా ఉంది. కనుక ఇంతవరకు ఏమీ కాలేదనే మాట ఇకముందు ఏమీ కాదనడానికి ఆధారం కాజాలదు.

8. రంగుల ద్వారా దిబ్బను చదవడం:

తుప్పు అన్నది ఒకే పదార్థం కాదు. నీటి పుల్లదనాన్ని బట్టి వేర్వేరు ఖనిజాలు ఏర్పడతాయి. గడ్డిరంగు లేత పసుపు జారోసైట్‌ను సూచిస్తుంది. ఇది పి.హెచ్. 3 కంటే తక్కువగా ఉన్న, సల్ఫేటు సమృద్ధిగా ఉన్న చోట ఏర్పడుతుంది. నారింజ రంగు బురద ష్వెర్ట్‌మనైట్ కావచ్చు. దీనికి పి.హెచ్. సుమారు 3 నుండి 4 మధ్య ఉండాలి. ఎరుపు కలిసిన గోధుమరంగు ఫెర్రిహైడ్రైట్‌ది. ఇది తటస్థతకు దగ్గరగా ఉన్న నీటిలో దిగుతుంది. ముదురు పసుపు, గోధుమ ఛాయలు గోథైట్‌వి, నిండు ఎరుపు హెమటైట్‌ది. బూడిదరంగు పొర సాధారణంగా ఇంకా ఆక్సీకరణం చేరని భాగం.

ఒక దిబ్బను నిలువుగా కోసి చూస్తే పైన పసుపు, గోధుమ పొరలు, కింద బూడిదరంగు పొర కనిపించవచ్చు. రెంటి మధ్య సరిహద్దును ఆక్సీకరణ ముఖం అనవచ్చు. అది ఏటా కిందికి దిగుతూ ఉంటుంది. కొన్నిచోట్ల తుప్పు, జిప్సం రేణువులను అతికించి గట్టి పొరను నిర్మిస్తాయి. అది గాలిని, నీటిని కొంత ఆపుతుంది. రంగు ప్రాథమిక సూచన మాత్రమే, ప్రయోగశాల పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. అయినా ఎక్కడ నమూనా తీయాలో చెప్పగలదు.

9. తుప్పు కాపలా – ఆర్సెనిక్ సమస్య:

ఆర్సెనోపైరైట్ ఆక్సీకరణం చెందినప్పుడు ఇనుముతోపాటు ఆర్సెనిక్ కూడా విడుదలవుతుంది. తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇక్కడ తుప్పు పాత్ర ఆశ్చర్యం కలిగిస్తుంది. తాజాగా ఏర్పడిన ఇనుప తుప్పుకు ఆర్సెనిక్‌ను తన ఉపరితలానికి అంటించుకొని పట్టి ఉంచే గుణం ఉంది. నీటి నుండి ఆర్సెనిక్‌ను తొలగించే వడపోత సాధనాల్లో ఇనుప తుప్పును వాడటానికి కారణం ఇదే.

అయితే ఈ కాపలా షరతులతో కూడినది. గాలి అందని, సేంద్రియ పదార్థం ఉన్న తడినేలలోకి ఈ తుప్పు చేరితే సూక్ష్మజీవులు ఫెర్రిక్ ఇనుమును తిరిగి ఫెర్రస్‌గా మార్చి కరిగిస్తాయి. పట్టుకున్న ఆర్సెనిక్ అప్పుడు విడుదలవుతుంది. దిబ్బ నుండి కొట్టుకొచ్చిన ఎర్రటి పొడి చెరువు అడుగు బురదలో పేరుకోవడం ఇందుకు ఉదాహరణగా చెప్పదగిన పరిస్థితి. కాబట్టి దిబ్బను నీటితో ముంచితే ఆక్సీకరణం ఆగుతుందనే పరిష్కారం తాజా వ్యర్థానికి సరిపోవచ్చు గాని, దశాబ్దాలుగా తుప్పుపట్టిన వ్యర్థానికి యథాతథంగా వర్తించదు. పాత దిబ్బకు, కొత్త దిబ్బకు చికిత్స ఒకటి కాదు.

10. 'సైనైడ్ దిబ్బలు' అనే పేరు:

మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు 1887లో రూపొందించిన సైనైడ్ పద్ధతి ప్రపంచంలోని బంగారు గనులన్నింటినీ మార్చివేసింది. కోలారులోనూ అది అమలైంది. అందువల్లే ఆ వ్యర్థాలకు సైనైడ్ దిబ్బలనే పేరు స్థిరపడింది. పేరు భయాన్ని కలిగిస్తుంది, ఆ భయం నిరాధారం కాదు. అయితే స్వేచ్ఛగా ఉన్న సైనైడ్ ఎండకు, గాలికి, సూక్ష్మజీవులకు క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. కొంత భాగం మాత్రం ఇనుముతోనే గట్టిగా బంధించుకొని ఎక్కువ కాలం నిలుస్తుంది. సల్ఫైడ్ అలా కాదు. రేణువు పూర్తిగా కరిగేంతవరకు, దశాబ్దాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు దాని చర్య సాగుతుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు కోలారు వ్యర్థాలను సైనైడ్, ఆమ్ల స్రావం అనే రెండు కోణాల నుండి పరిశీలించి 2006లో వ్యాసం ప్రచురించారు. శాస్త్రలోకం రెండు ప్రశ్నలనూ జతగా చూసింది. జనవ్యవహారంలోని పేరు మాత్రం ఒక ప్రశ్ననే నిలిపింది. పేరు దృష్టిని ఎటు మళ్లిస్తుందో భాషాధ్యయనం చేసేవారికి తెలియనిది కాదు. సైనైడ్ తగ్గిందనే నివేదిక వచ్చిన రోజున దిబ్బ నిరపాయమైందని భావించడం ఆ పేరు కల్పించే పొరపాటు.

దక్షిణాఫ్రికాలోని విట్వాటర్స్‌రాండ్ బంగారు గనుల అనుభవం ఇందుకు హెచ్చరిక. అక్కడ 1886లో తవ్వకాలు మొదలయ్యాయి. గనులు మూతపడి పంపులు ఆగిన తరువాత సొరంగాలు నీటితో నిండి, 2002లో పశ్చిమ భాగంలో పుల్లని నీరు భూమిపైకి పొంగింది. అక్కడి శిలల్లో పైరైట్ ఎక్కువ, కోలారు శిలల కూర్పు వేరు. కనుక ఫలితం ఒకే విధంగా ఉంటుందని చెప్పడం సరికాదు. గని మూతపడటంతో దాని రసాయనచర్య మూతపడదన్న పాఠం మాత్రం రెండింటికీ వర్తిస్తుంది.

11. గనులు తిరిగి తెరిచే ముందు:

పాత దిబ్బను కదిలించడమంటే బూడిదరంగు పొరలో ఇంకా భద్రంగా ఉన్న సల్ఫైడ్‌ను గాలికి చూపడం. కొత్త గని తెరవడమంటే కొత్తగా పొడి తయారుచేయడం. రెండు సందర్భాల్లోనూ ముందుగా తేల్చవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఏ సిర నుండి వచ్చే రాయిలో ఎంత సల్ఫైడ్, ఎంత కాల్సైట్ ఉన్నాయన్నది. సగటు విలువ చాలదు, సిరవారీగా లెక్క ఉండాలి. రెండవది, మిల్లు ఎక్కడ ఉంటుందన్నది. వ్యర్థం చేరేది మిల్లు ఉన్న చోటికే. మూడవది, సల్ఫైడ్‌ను వ్యర్థం నుండి ముందే వేరుచేసి తక్కువ పరిమాణంలో, మూసి ఉంచే చోట నిల్వచేసే అవకాశం. నాల్గవది, తవ్వకానికి ముందు చుట్టుపక్కల బావుల, బోర్ల, చెరువుల నీటి స్థితి నమోదు. అది లేకపోతే తరువాత వచ్చిన మార్పును నిరూపించే దారి ఉండదు. ఐదవది, మూసివేత ఖర్చు. మట్టికప్పు, నీటి మళ్లింపు, దశాబ్దాల పరిశీలన గని లాభాల నుండి ముందే కేటాయించబడాలి.

ఈ ప్రశ్నలు ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో రైతులు అడగవలసినవి. అందుకు అవి వారి భాషలో ఉండాలి. సాంకేతిక నివేదికల్లోని పదాలకు తెలుగులో సమానార్థకాలు వెదకడం విశ్వవిద్యాలయాల పని. ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉండటం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. అన్నభేది అనే పదం వాడితే కరిగి పారే ఇనుమును, జాజు అంటే నిలిచిన ఇనుమును, చౌడుపొక్కు అంటే ఎండకు పైకి వచ్చిన లవణాన్ని గ్రామీణుడు వెంటనే ఊహించగలడు. సభలో కూర్చున్నవారికి అర్థమైన ప్రశ్నకే జవాబు రాబట్టడం సాధ్యమవుతుంది.

12. ముగింపు:

• రాతిలో ఇనుము సిలికాతో కలిసి ఉన్నప్పుడు శైథిల్యం నెమ్మదిగా సాగి ఎర్రనేలను ఇస్తుంది. గంధకంతో కలిసి ఉండి పొడిగా మారినప్పుడు ఆమ్లాన్ని ఇస్తుంది.

• ఫెర్రస్, ఫెర్రిక్ రూపాల మధ్య తిరిగే ఇనుమే ఈ ప్రక్రియను నడుపుతుంది. సూక్ష్మజీవులు దానిని అనేక రెట్లు వేగవంతం చేస్తాయి.

• దిబ్బ పుల్లబడటం, పడకపోవడం సల్ఫైడ్, సున్నపు ఖనిజాల తూకం మీద, వాటి చర్యావేగాల మీద ఆధారపడుతుంది. ఎండ, వానలు మారిమారి వచ్చే కుప్పం, కోలారు వాతావరణం లవణాలను నిల్వచేసి తొలివానకు విడుదల చేస్తుంది.

• తుప్పు ఆర్సెనిక్‌ను పట్టి ఉంచుతుంది, పరిస్థితి మారితే వదులుతుంది. కనుక పాత దిబ్బలకు ప్రత్యేక పరిశీలన కావాలి.

• సైనైడ్ అనే పేరు సమస్యలో ఒక భాగాన్నే చూపుతుంది. రాయి తనతో తెచ్చుకున్న ఇనుము, గంధకాలే దీర్ఘకాలిక ప్రశ్న.

కోలారు దిబ్బలు ఒక శతాబ్దపు శ్రమకు మిగిలిన గుర్తు. చిగురుగుంట, బిసానత్తం గనులు తిరిగి తెరుచుకుంటే అటువంటి దిబ్బ మరొకటి ఏర్పడవచ్చు. దాని స్వభావాన్ని తొలిటన్ను రాయి నలగకముందే లెక్కగట్టే జ్ఞానం నేడు అందుబాటులో ఉంది. నూట నలభై ఏళ్ల కిందట ఆ అవకాశం లేదు.